ఏప్రన్ అంటే ఏమిటని అడిగారు

నన్ను గల్ఫుకు సాగనంపడానికి వచ్చినవాళ్లకు నేను మర్నాడు మధ్యాహ్నమే మళ్లీ కనిపించాను. ఆర్మూరు బస్టాండులో దిగితే నలుగురూ చూస్తారని పెర్కిట్‌లోనే దిగిపోయాను. అక్కడా మా గల్లీ ఆటో అతనే ఎదురయ్యాడు. ముందురోజు నా మెడలో పూలదండ వేసి, భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగినవాడు. నా చేతిలోని బ్యాగు వైపు చూశాడు, తర్వాత ముఖం వైపు చూశాడు.

"ఏందన్నా, ఏమన్న మర్చిపోయినవా?" అన్నాడు.

"ఆ" అన్నాను.

అతను బ్యాగు అందుకుని వెనక పెట్టాడు. దారి పొడుగునా ఏమీ అడగలేదు. ఇంటి ముందు దిగి జేబులో చెయ్యి పెడితే వద్దని తల ఊపి, ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు. ముందురోజు బస్టాండు దాకా దింపినప్పుడు నవ్వుతూ తీసుకున్నాడు. ఆ రోజు తీసుకోలేదు. నా మీద జాలిపడ్డాడని అర్థమై, గడపలోనే నిలబడిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయిన కాలం అది. నేను పసుపు దుకాణంలో బస్తాలు కుట్టేవాణ్ని. రైతులు తెచ్చిన పసుపును వేళ్లలాంటి కొమ్ములు వేరు, గుండ్రటి దుంప మండ వేరు కుప్పలు పోసి, బేరం తెగాక గోనె సంచుల్లో నింపి, దబ్బనంతో మూతులు కుట్టి లారీకి ఎత్తాలి. సీజనులో ఊపిరాడని పని, సీజను పోతే ఏ పనీ లేదు. మా గల్లీలో ఒక్కడైనా గల్ఫులో లేని ఇల్లు తక్కువ. వాళ్లంతా పోయింది కట్టుబడి పనులకు, ఎండలో ఇనుము మొయ్యడానికి. నాకు వచ్చిన అవకాశం వేరు. ఏజెంటు మా దుకాణం ముందు స్కూటరు ఆపి చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

"ఎయిర్‌పోర్టుల పని. సామాన్లు ఎక్కిచ్చుడు, దించుడు. నువ్వు జేసే పనే, బస్తాకు బదులు సూట్‌కేసు. ఇంటర్వ్యూ ఉంటది గని పేరుకే. గీ మాటలు జర సదువుకొని రా. సెలెక్టయినోళ్లను అట్లనే బొంబాయి తోల్కపోతం. బ్యాగు సదురుకొనే రండ్రి."

ఆ మాటలంటే నాలుగు జిరాక్స్ కాయితాలు. వాటి నిండా ఇంగ్లీషు పదాలు. ఏ ఒక్కదానికీ అర్థం రాసి లేదు. నేను పదో తరగతి ఇంగ్లీషులోనే తప్పినవాణ్ని. కాయితాలు తీసుకుపోయి నా భార్య ముందు పెట్టాను.

ఆమె మాక్లూర్ పిల్ల. ఇంటర్ పాసయింది. మా గల్లీలో కోడళ్లందరిలోకీ ఎక్కువ చదువుకున్నది ఆమే. పెళ్లయ్యాక అందరిలాగే బీడీలు చుట్టేది. బళ్లో వ్యాసం రాసి గెలుచుకున్న ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఒకటి ఆమెతోపాటు అత్తగారింటికి వచ్చింది. దానికి అట్ట వేసి, బట్టల పెట్టెలో చీరల కింద దాచుకునేది. నేను కాయితాలు ఇచ్చిన రోజు అది బయటికి తీసింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన డిక్షనరీ. చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి, కళ్లు పేజీ మీద ఉంటాయి. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు నన్ను తిప్పమనేది, చేతికి తంబాకు ఉంటుందని.

"ఏప్రన్ అంటే, వంట జేసేటప్పుడు ముందర కట్టుకునే బట్ట" అని చదివింది.

"ఇమానంల వంట జేస్తరా?"

"తిండి పెడ్తరు గదా. ఎవలో ఒకలు వండాలె గద."

నిజమే అనిపించింది.

"బే అంటే అఖాతం. బంగాళాఖాతం అని సదువుకోలే? సముద్రం లోపటికి చొచ్చుకొచ్చిన జాగ. దుబాయి సముద్రం పక్కనే ఉన్నదట, అందుకే అడుగుతుండొచ్చు. హోల్డ్ అంటే పట్టుకొనుట. గిదైతే అల్కగున్నది. డాలీ అంటే పిల్లలు ఆడుకునే బొమ్మ."

"బొమ్మతోని నాకేం పని?"

ఆమె కొంచెం ఆలోచించింది. "పిల్లగాండ్లు ఇమానంల బొమ్మలు మర్చిపోతరు గావచ్చు. సామాన్లు దించేటోళ్లే ఏరియ్యాలె గదా" అంది.

సి-హెచ్-ఓ-సి-కె అని రాసి ఉన్న చాక్ అనే మాట డిక్షనరీలో దొరకలేదు. సుద్దముక్క అని రాయబోయి టైపు చేసినవాళ్లు అక్షరం తప్పు కొట్టి ఉంటారని ఆమే తేల్చింది. టాక్సీ అంటే మాకు తెలిసిందే, కిరాయి కారు. టాక్సీవే అంటే కిరాయి కార్లు వచ్చిపోయే తోవ. విమానం పుష్‌బ్యాక్ చెయ్యడం అంటే వెనక్కి తొయ్యడం. అంత పెద్ద విమానాన్ని ఎవరు తోస్తారని ఇద్దరం నవ్వుకున్నాం. మనుషులు పదిమంది చెయ్యేస్తే కదలకపోదు అన్నాను, బురదలో దిగబడ్డ లారీని తోసిన అనుభవంతో.

రోజూ సాయంత్రం పని నుంచి రాగానే అప్పజెప్పించుకునేది. తప్పితే మళ్లీ మొదటి నుంచి. బీడీలు లెక్కకు తగ్గుతున్నా పట్టించుకోలేదు. మా అమ్మ చూసి, "ఆయనకు సదువు జెప్పుకుంట నువ్వు ఆకు నాశినం జేస్తున్నవ్" అనేది గాని, కోడలు కొడుక్కు ఇంగ్లీషు చెబుతున్నదని వాకిట్లో నలుగురికీ చెప్పుకునేది కూడా తనే.

బయల్దేరే రోజు మా ఇంట్లో దావత్ చేశాం. దుకాణంలో నాతో పనిచేసే హమాలీలు వచ్చారు. మాక్లూర్ నుంచి అత్త, బామ్మర్ది వచ్చారు. దండలు వేశారు. బామ్మర్ది తన బూట్లు నాకు ఇచ్చాడు, ఇంటర్వ్యూకు చెప్పులతో పోతే బాగుండదని. బస్సు ఎక్కేముందు నా భార్య దగ్గరికి వచ్చి, "డాలీ?" అని అడిగింది. "బొమ్మ" అన్నాను. సంతోషపడింది.

హైదరాబాదులో ఒక హోటలు గదిలో ఇంటర్వ్యూ. ముందు బరువు ఎత్తించారు. అది నాకు ఆట. ఎత్తిన పెట్టెను నేను దించిన తీరు చూసి అక్కడున్న కుర్రాడు మెచ్చుకున్నట్టు తల ఊపాడు కూడా. తర్వాత నలుగురు నలుగురిని లోపలికి పిలిచారు. నాతో వచ్చినవాళ్లలో ఒకతను భీమ్‌గల్ వాడు, బస్సులో పరిచయమయ్యాడు. బల్ల వెనక కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషి టై కట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఇంగ్లీషులో అడిగితే ఆ కుర్రాడు హిందీలో చెబుతున్నాడు. హిందీ అంటే నాకు భయం లేదు. ఆర్మూరు బజారులో సగం బేరాలు అందులోనే నడుస్తాయి.

బల్ల మీద ఒక పెద్ద ఫోటో పెట్టారు. విశాలమైన బూడిదరంగు నేల, దాని మీద ఒక విమానం, చుట్టూ బండ్లు, మనుషులు.

"ఏప్రన్ ఎక్కడుందో చూపించు" అన్నాడు కుర్రాడు హిందీలో.

నాకు వచ్చిన మాట అడిగారని ప్రాణం లేచివచ్చింది. వంటమనిషి కోసం ఫోటో అంతా వెతికాను. వంటమనిషి లేడు. విమానం పక్కన ఒకతను మెరిసే పసుపురంగు కోటు, చేతుల్లేనిది, ఛాతీకి తగిలించుకుని ఉన్నాడు. వేలు తీసుకుపోయి అతని ఛాతీ మీద పెట్టాను.

కుర్రాడు పెదవి కొరుక్కున్నాడు. పెద్దమనిషి అర్థం కానట్టు చూసి, ఇంకో మాట అడిగాడు. "డాలీ?"

"గుడియా, సాబ్" అన్నాను. ఆయనకు అర్థం కాకపోతుందేమోనని చేతులతో పసిపిల్లను ఎత్తుకుని ఊపినట్టు చూపించాను కూడా.

ముందు భీమ్‌గల్ అతను నవ్వాడు. తర్వాత మిగతా ఇద్దరు. తలుపు దగ్గర తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు, ఏమైందని ఒకరినొకరు అడిగి, తెలుసుకుని నవ్వారు. పెద్దమనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా చేతులు ఇంకా పసిపిల్లను పట్టుకున్నట్టే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, జేబుల్లో పెట్టుకోకూడదని మళ్లీ తీశాను. బామ్మర్ది బూట్లు బిగుతుగా ఉన్నాయి. వాటి వైపే చూస్తూ నిలబడ్డాను.

పెద్దమనిషి చెడ్డవాడు కాదు. నవ్వు ఆపుకుని, "నీకు ఎవరు నేర్పారు?" అని అడిగించాడు.

"ఎవరూ నేర్పలేదు, నేనే చదువుకున్న" అన్నాను.

ఆ మాట ఎందుకంత తొందరగా వచ్చిందో నాకే తెలియదు. ఆ గదిలోకి నా భార్య, ఆమె చాట, అట్ట వేసుకున్న డిక్షనరీ రావడం నాకు ఇష్టం లేకపోయింది. వీళ్లు ఆమెను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

అప్పుడు ఆ కుర్రాడు ఫోటో మీద వేలు పెట్టి, నలుగురికీ కలిపి ఒక్కొక్కటే చెప్పాడు. విమానాలు నిలిపి, జనాన్నీ సామానునూ ఎక్కించి దించే ఆ బూడిదరంగు నేల మొత్తం ఏప్రన్. దానినే ర్యాంపు అని కూడా అంటారు. ఏప్రన్ మీద ఒక్కో విమానానికి గీతలు గీసి, నంబరు వేసి ఇచ్చిన చోటు బే. విమానం పొట్టలో సామాను పెట్టే గది హోల్డ్. సామాను పెట్టెలు పెట్టి లాక్కుపోయే, ఇంజను లేని చక్రాల బండి డాలీ. నిలిపిన విమానం కదలకుండా చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టే దిమ్మె చాక్. విమానం గాలిలోకి లేవకుండా నేల మీద తన ఇంజను బలంతో తాను నడిచిపోవడమే టాక్సీ చెయ్యడం, అది నడిచే బాట టాక్సీవే. బే నుంచి బయటికి రావాలంటే అంత పెద్ద విమానం తనంతట తాను వెనక్కి పోదు, ముందు చక్రానికి ఒక బండి తగిలించి వెనక్కి తోస్తారు. అది పుష్‌బ్యాక్.

"అక్కడ ఇంజను గోలలో ఎవరూ రెండుసార్లు చెప్పరు" అని పెద్దమనిషి చెప్పించాడు. "ఒక మాటకు ఇంకోటి అనుకుని ఇంజను ముందుకు పోయావంటే ప్రాణం పోతుంది. బలం ఉంది నీకు. నేర్చుకుని మళ్లీ రా."

అన్ని మాటలూ ఒక్కసారి వింటేనే నాకు వచ్చేశాయి. చెవులు వేడెక్కి ఉన్నప్పుడు విన్నవి మర్చిపోవడం కష్టం.

బయటికి వచ్చాక భీమ్‌గల్ అతను నా వెనకే వచ్చాడు. అతను సెలెక్టయ్యాడు. "మాఫ్ చెయ్యన్నా, నవ్వు ఆగలే. నేనెవలకు చెప్ప" అన్నాడు. అడగకుండానే ఆ మాట ఇచ్చాడంటే, చెప్పుకోదగ్గ సంగతే జరిగిందన్నమాట.

గడపలో నిలబడ్డ నన్ను చూసి నా భార్య చాట పక్కన పెట్టి లేచింది. "ఏమైంది?" అంది.

"మెడికల్‌ల తీసేసిండ్రు" అన్నాను.

బస్సులో వస్తూ తయారుచేసుకున్న మాట అది. ఒంట్లో ఏదో లోపం ఉందంటే ఎవరి తప్పూ కాదు, ఎవరూ నవ్వరు అనుకున్నాను. ఆమె గబగబా నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుంటే, "మాటలన్నీ మంచిగనే చెప్పినవా?" అని అడిగింది. చెప్పానన్నాను.

అబద్ధం ఎంత దూరం పోతుందో నాకు తెలియలేదు. రెండు మూడు రోజుల్లోనే దుకాణంలో నాకు నీళ్లు వేరే గ్లాసులో రావడం మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు. గ్లాసు మాత్రం వేరే. మెడికల్‌లో పోయిందంటే ఛాతీ ఫోటోలోనే పోయి ఉంటుందని, ఛాతీ ఫోటోలో పోయిందంటే టీబీయేనని హమాలీలు అనుకున్నారు. నేను దగ్గితే పక్కవాళ్లు అటు తిరిగేవారు. పసుపు దుమ్ములో పనిచేసేవాడు దగ్గకుండా ఎలా ఉంటాడు? అమ్మ నన్ను దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. అమ్మ నమ్మలేదు. అక్కడివాళ్లు పెద్ద మిషను మీద చూశారు, ఇక్కడ ఏం తెలుస్తుంది అంది.

అంతటితో ఆగినా బాగుండేది. అమ్మ కోపం కోడలి మీదికి మళ్లింది.

"పొద్దందాక ఇంట్ల తంబాకు పరుసుకొని కూసుంటవ్. గా ఘాటుకే వాని రొమ్ము పాడయింది" అనేది.

నా భార్య మొదట్లో బదులు చెప్పేది. "ఊరంత చుడ్తలేరా అత్తా? అందరి మొగోళ్లకు అయిందా?" అనేది. తర్వాత చెప్పడం మానేసింది. చాట తీసుకుని ఇంటి వెనక, గోడ నీడలో కూర్చోవడం మొదలుపెట్టింది. నీడ జరిగినకొద్దీ తనూ జరిగేది. ఒక రోజు నేను పని నుంచి తొందరగా వస్తే, ఎండ పూర్తిగా మీద పడుతున్నా లోపలికి రాకుండా అక్కడే చుడుతోంది. కొంగు తల మీదికి లాక్కుంది. నన్ను చూసి, "జర దూరం ఉండు, ఘాటు తగులుతది" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెబుదామనే దగ్గరికి పోయాను. ఏప్రన్ అని నోటిదాకా వచ్చింది. ఆ హోటలు గదిలోని నవ్వు మళ్లీ వినబడింది. నవ్వు నా మీద కాదు, ఆమె డిక్షనరీ మీద, ఆమె ఇంటర్ చదువు మీద అని తెలిస్తే తట్టుకోలేదు అనుకున్నాను. ఆమె కోసమే దాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కొంతవరకు నిజమే. మిగతాది నా సిగ్గు. చేతుల్లో పసిపిల్లను ఊపి చూపించిన నన్ను ఆమె ఊహించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎండాకాలం చివరికి వచ్చింది. ఏజెంటు ఇంకో బ్యాచీ కోసం మనుషులను వెతికాడు. ఈసారి మా బామ్మర్ది ఒప్పుకున్నాడు. ఒక ఆదివారం మాక్లూర్ నుంచి వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

"బావ మెడికల్‌ల పోయిండు గని మాటలు మంచిగనే చెప్పిండట గద. అక్కా, నాగ్గూడ నేర్పు" అన్నాడు.

ఎన్నో రోజుల తర్వాత నా భార్య ముఖంలో కొంచెం వెలుగు చూశాను. కాయితాలు బయటికి వచ్చాయి, డిక్షనరీ బయటికి వచ్చింది. ఆమె చాట ఒళ్లో పెట్టుకుంది, అక్కాతమ్ముడు వాకిట్లో కూర్చున్నారు. అత్త, మా అమ్మ ఒక పక్కన చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు.

"ఏప్రన్ అంటే, వంట జేసేటప్పుడు ముందర కట్టుకునే బట్ట" అని మొదలుపెట్టింది.

నేను చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. గల్లీ చివరిదాకా పోయాను. తర్వాతి నెలలో మా బామ్మర్ది అదే బల్ల ముందు నిలబడి, అదే ఫోటో మీద వేలు పెడతాడు. అక్కడ నవ్వేవాళ్లు అతన్నీ అడుగుతారు, ఎవరు నేర్పారని. అతను నాలాంటివాడు కాదు, మా అక్క అని గర్వంగా చెబుతాడు. వెనక్కి వచ్చాను. వాళ్లు డాలీ దగ్గర ఉన్నారు.

"బొమ్మలు ఏరుడు గూడ మన పనేనా అక్కా?" అని బామ్మర్ది నవ్వుతున్నాడు.

"గది కాదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"డాలీ అంటే బొమ్మ కాదు. సామాన్లు పెట్టి గుంజకపోయే బండి. చక్రాలుంటయ్, ఇంజను ఉండది."

"నీకెట్ల ఎర్క?" అంది నా భార్య.

"గా దినం చెప్పిండ్రు."

ఆమె చేతిలోని కత్తెర ఆగిపోయింది. ఆకు సగం కోసి ఉంది. "ఇంకేం చెప్పిండ్రు?" అంది.

చెప్పాను. కాయితం మీద ఉన్న వరసలోనే ఒక్కో మాట ఆమె చదివింది, ఒక్కోదానికి నేను అసలు అర్థం చెప్పాను. బే దగ్గర ఒకసారి ఆగింది. చాక్ సుద్దముక్క కాదని, లారీ టైరుకు మనం పెట్టే రాయిలాంటిదని చెప్పినప్పుడు కళ్లు మూసుకుంది. అన్నీ అయ్యాక కాయితాలు ఒద్దికగా మడిచింది.

"మరి మెడికల్?"

"మెడికల్ దాన్క పోనే లే."

"నవ్విండ్రా?"

"నవ్విండ్రు."

"నేను నేర్పిన అని చెప్పినవా?"

"లే."

ఆ మాట ఆమెకు ఊరటగా ఉంటుందనుకున్నాను. ఆమె లేచి నిలబడింది. వాళ్లమ్మ ముందు, తమ్ముడి ముందు, మా అమ్మ ముందు అంతవరకు ఎన్నడూ గొంతు ఎత్తని మనిషి. అప్పుడూ ఎత్తలేదు.

"నీకు సిగ్గని దాసినవ్. సరే. నా ముఖం జూసి దాసినవ్, గదీ సరే. తంబాకు పేరు పెట్టి దినాం నన్ను అంటుంటే ఇన్నవ్ గద? ఎండల కూసుంటే జూసినవ్ గద? అప్పుడు గూడ దాసినవ్" అంది.

లోపలికి వెళ్లిపోయింది. అత్త చింతపండు వదిలేసి కూతురి వెనకే పోయింది. బామ్మర్ది తల వంచుకుని కాయితాల అంచులు సరిచేస్తున్నాడు. అన్నీ విన్న మా అమ్మకు ఒక్కటే పట్టింది.

"గట్లయితే నీ రొమ్ముల ఏం లేదా?" అంది.

"ఏం లేదమ్మా."

అమ్మ ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కోడలు వదిలిపోయిన చాట తీసుకుపోయి ఇంట్లో, ఎప్పుడూ ఉండే చోట పెట్టింది.

నా భార్య కొన్నాళ్లు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. తమ్ముడి సంగతి మాత్రం వదల్లేదు. "నాకు రాదు. నీకొచ్చు. నువ్వే నేర్పు" అంది.

నేను పుస్తకం చూసి చెప్పగలిగేవాణ్ని కాదు. బామ్మర్దిని మా దుకాణానికి తీసుకుపోయాను. పసుపు కుప్పలు పోసే సిమెంటు నేల ఉంది కదా, అది ఏప్రన్ అన్నాను. లారీలు ఒక్కోటి ఒక్కో దుకాణం ముందు వెనక్కి వచ్చి ఆగే చోటు బే. డ్రైవరు దిగగానే టైరు కింద మేం పెట్టే రాయి చాక్. బస్తాలు పడే లారీ తొట్టి హోల్డ్ అనుకో. ముక్కు ఇటు, తోక అటు, రెక్కలు ఇంతంత దూరం అని చేతులు చాచి చూపించాను. ఆ రెక్కల కింద నడిచేటప్పుడు ఇంజను ఎటు పక్క ఉందో చూసుకోవాలన్నాను. నేనూ ఎప్పుడూ నడిచింది లేదు. అయినా చెప్పాను.

హమాలీలు చుట్టూ చేరారు. ఒకాయన, మా అందరిలోకీ పెద్దవాడు, "ఏం జేస్తున్నవ్‌రా?" అన్నాడు.

చెప్పక తప్పలేదు. ఇంటర్వ్యూ సంగతి మొత్తం చెప్పాను, పసిపిల్లను ఊపిన సంగతితో సహా. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఒకడు కుప్ప మీద వెనక్కి పడిపోయాడు. హోటలు గదిలోలాగే ఉంటుందనుకున్నాను. అంత బాధ పెట్టలేదు గాని, సిగ్గు వెయ్యకుండానూ లేదు. ఆ రోజు నుంచి నాకు నీళ్లు అందరి గ్లాసులో వచ్చాయి. దాంతోపాటు డాలీ అనే పేరు కూడా వచ్చింది. ఆ దుకాణంలో పనిచేసినన్నాళ్లు అదే నా పేరు.

బామ్మర్ది సెలెక్టయ్యాడు. అక్కడి నుంచి ఫోన్ చేసి, "బావా, నువ్వు చెప్పినట్టే ఉన్నది, గని గాలి మస్తు కొడ్తది" అన్నాడు. తర్వాతి ఏడు నన్నూ రమ్మన్నాడు. ఏజెంటు కూడా వచ్చి అడిగాడు. మాటలన్నీ వచ్చు, బలం ఉంది, ఇంటర్వ్యూలో తప్పుతానన్న భయమూ లేదు. అయినా నేను పోలేదు. అమ్మ పెద్దదయిందన్నాను, సీజను వస్తోందన్నాను. అసలైతే, అదే పెద్దమనిషి బల్ల వెనక ఉంటే నన్ను గుర్తుపడతాడేమోనని భయం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బామ్మర్దికి పని దొరికాక మా గల్లీ నుంచి, పెర్కిట్ నుంచి కుర్రవాళ్లు కాయితాలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలైంది. నేర్పింది నా భార్యే. ఇప్పుడు ఆమె డిక్షనరీ చూసేది కాదు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా కొత్త మాటలు అడిగి, అది ఎక్కడ వాడతారో, ఎవరు ఎవరితో అంటారో తెలుసుకున్నాకే చెప్పేది. అర్థం కాకపోతే నాకు తెలియదు అనేది. వాకిట్లో నాలుగైదు జతల చెప్పులు కనబడితే నేను ఏదో పని ఉన్నట్టు దొడ్డిదారిన బయటికి పోయేవాణ్ని.

ఒకసారి అలా పోబోతూ గోడ అవతల ఆగాను. కొత్తగా వచ్చిన పెర్కిట్ కుర్రాడు ఒకడు అడుగుతున్నాడు.

"వదినా, గిన్ని మాటలు ఎర్కగద, మరి అన్నను ఎందుకు తీస్కోలే?"

"నేను తప్పు చెప్పిన" అంది నా భార్య. మామూలు గొంతుతోనే అంది. "డిక్షనరీల ఉన్నదే చెప్పిన. ఇమానంల వేరే అర్థం ఉంటదని నాకు ఎర్కలే. అందుకే మీకు అడిగి చెప్తున్న. ఇగ రాసుకోండ్రి."

ఎవరూ నవ్వలేదు. పెన్నుల చప్పుడు వినబడింది. నేను లోపలికి పోయి, తప్పు ఆమె ఒక్కదానిదే కాదని చెప్పాలనుకున్నాను. వాకిలి దాకా పోయాను కూడా. లోపల ఆమె తర్వాతి మాట మొదలుపెట్టింది. నేను చెప్పులు వేసుకుని బజారు వైపు నడిచాను.